సింహాద్రమ్మ మోకాళ్ళ మట్టి

అనగనగా ఒక అడవి. ఆ అడవికి రాజు లేడు పిల్లలూ, అధ్యక్షుడు ఉండేవాడు. మరి సింహం ఏమైందంటారా? దానికి పొద్దున్నే లేచి పని చేసే అలవాటు లేదని జంతువులన్నీ కలిసి ఎప్పుడో సాగనంపేశాయి. అప్పటినుంచి మూడేళ్ళకోసారి ఎన్నికలు. పార్టీలు రెండే. గడ్డి మేసేవాళ్ళది గడ్డి పార్టీ. దుంపలు తవ్వుకునేవాళ్ళది దుంప పార్టీ. కుందేళ్ళు మాత్రం ఏ ఏడు ఏ పార్టీలో ఉంటాయో వాటికే తెలియదు.

ఆ అడవిలో పైడయ్య అని ఒక ముసలి ముళ్ళపంది ఉండేవాడు. ఒకప్పుడు దుంప పార్టీకి నాయకుడు. ఆయన నోరు విప్పితే ముళ్ళకన్నా మాటలే ఎక్కువ గుచ్చుకునేవి. ఇప్పుడు ముళ్ళు సగం రాలిపోయాయి, పళ్ళు అరిగిపోయాయి. పొద్దున్నే బొరియ ముందు కూర్చుని, అక్కడ నేలలో పడ్డ రెండు గుంటలు చూసుకుంటూ ఉండేవాడు. వాన పడితే ఆ గుంటల్లో నీళ్ళు నిలిచేవి. పిచ్చుకలు వచ్చి స్నానాలు చేసి పోయేవి.

ఆ గుంటలు సింహాద్రమ్మ మోకాళ్ళవి.

సింహాద్రమ్మ అంటే ఏనుగు. పేరులో సింహం, జాతేమో ఏనుగు. గడ్డి పార్టీ తరఫున ఐదుసార్లు అధ్యక్షురాలైంది. ఆ రోజుల్లో అడవిలో ఒక ఆచారం ఉండేది. దాన్ని ఎదురుమాట అనేవారు. అధ్యక్షుడు ఏ చాటింపు వేయించాలన్నా ముందు తానే నడుచుకుంటూ ఎదుటి పార్టీ నాయకుడి గడప దగ్గరికి వెళ్ళాలి. "ఇలా చేద్దామనుకుంటున్నాను. నీ మాటేమిటి?" అని అడగాలి. ఒప్పుకుని తీరాలని లేదు. వినాలి, అంతే. విన్నాకే చాటింపు.

మొదటిసారి సింహాద్రమ్మ వచ్చినప్పుడు పైడయ్య కుర్రతనం మీద ఉన్నాడు. పొగరు కూడా ఉంది. బొరియలోంచే అరిచాడు.

"నేను బయటికి రాను! మాట కావాలంటే నువ్వే వంగి విను!"

చూస్తున్నవాళ్ళు గబగబా వెనక్కి జరిగారు. ఏనుగు కాలు ఎత్తి ఒక్కసారి వేస్తే బొరియేది, పైడయ్యేడి? సింహాద్రమ్మ మాత్రం నవ్వింది. ముందు కాళ్ళు రెండూ మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, చేటంత చెవిని బొరియకు ఆనించింది.

"చెప్పు పైడయ్యా. ఇక్కడైతే ఇంకా బాగా వినిపిస్తోంది" అంది.

అది మొదలు ఎన్నేళ్ళో అలాగే జరిగింది. ఆవిడ మోకాళ్ళకు ఎప్పుడూ ఎర్రమట్టి అంటుకుని ఉండేది. పైడయ్య తిట్టేవాడు, ఆవిడ వినేది. పదిసార్లు తిడితే మూడుసార్లు చాటింపు మార్చుకునేది. మిగతా ఏడుసార్లు "నీ మాట విన్నాను, నా పని చేస్తాను" అని లేచి వెళ్ళిపోయేది. వెళ్తూ వెళ్తూ "మీ ఆవిడ జ్వరం తగ్గిందా?" అని అడిగేది. ఆ రోజులే వేరు. పోట్లాటలోనూ మర్యాద ఉండేది. అవి తలుచుకుంటూనే పైడయ్య ఇప్పుడు ఆ గుంటల ముందు కూర్చునేవాడు.

సింహాద్రమ్మ కాలం చేసి ఏడాదైంది. ఇప్పుడు అధ్యక్షుడు గంగులు అనే అడవిదున్న. బలమైనవాడు, పని చేసేవాడు, కానీ ఓపిక లేనివాడు. వాగు పైవంపు దగ్గర బండలతో అడ్డుకట్ట వేస్తే మెట్ట మీద పచ్చిక ఎండిపోదని వాడి ఆలోచన. ఎదురుమాట కోసం తిరగడం వాడికి ఇష్టం లేదు. అందుకని చాపరాయి దగ్గర సభ పెట్టించాడు. ఎదురుమాట ఆచారం ఉంచాలా, తీసెయ్యాలా తేల్చాలన్నాడు. అది తేలాలంటే ముందు సింహాద్రమ్మ ఏలుబడి మంచిదా చెడ్డదా తేలాలి కదా! ఇక చూడండి, అడవంతా వచ్చేసింది.

గంగులు చాపరాయి ఎక్కాడు.

"సింహాద్రమ్మ మా పార్టీదే. అయినా ఉన్న మాట చెప్తాను. ఎదుటి పార్టీ గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని మా పరువు తీసింది. సరే, పరువు పోతే పోయింది. వరద వచ్చిన ఏడు ఏమైంది? వాగొడ్డు ఖాళీ చేసి మెట్ట ఎక్కండని పొద్దున్నే చాటించాల్సింది. ఎదురుమాట అంటూ సాయంత్రం దాకా ఆలస్యం చేసింది. చాటింపు వేసేసరికి నీళ్ళొచ్చేశాయి. నేనప్పుడు దూడని. మా అమ్మ నన్ను గట్టెక్కించి తను కొట్టుకుపోయింది."

పైడయ్య తల దించుకున్నాడు.

తర్వాత ఎలుగుబంటి లేచాడు. పేరు సూరీడు. ఇప్పుడు దుంప పార్టీ నాయకుడు.

"మోకాళ్ళ మీద కూర్చోవడం మర్యాదనుకుంటున్నారా? బెదిరింపు! అంత పెద్ద ఏనుగు బొరియ నోటికి అడ్డంగా కూర్చుంటే లోపలున్నవాడికి ఊపిరాడుతుందా? మా పైడయ్య తాత భయపడి ఒప్పుకునేవాడు. గడ్డి పార్టీ మోసం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది!"

చూశారా పిల్లలూ? చూసింది ఒక్కటే. ఒకడికి అది లొంగుబాటు, ఇంకొకడికి బెదిరింపు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. వెనక వరసలో కుందేళ్ళు తమ కాళ్ళు లెక్కపెట్టుకున్నాయి కూడా.

సూరీడు మెల్లగా పైడయ్య దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు.

"తాతా, రాయెక్కి ఆమె నిన్ను బెదిరించేదని ఒక్క మాట చెప్పు చాలు. ఈ ఆచారం పోతుంది. రేపు మనం గెలిస్తే మనమూ ఎవరి గడపా తొక్కక్కర్లేదు. చాపరాయి మీద నీకు జీవితాంతం చోటు ఇప్పిస్తాను. దుంప పార్టీ పెద్దాయనవి నువ్వు!"

"చెప్పకపోతే?" అని అడిగాడు పైడయ్య.

"ఊరుకున్నా పర్లేదు. కానీ ఆవిడ వైపు మాత్రం మాట్లాడకు. మనవాళ్ళు నీ మొహం చూడరు" అన్నాడు సూరీడు.

పైడయ్య ఇరుకున పడ్డాడు. ఎందుకంటే వరద నాటి సంగతి బతికున్నవాళ్ళలో అతనొక్కడికే తెలుసు. చెబితే ఉన్న గౌరవం కాస్తా పోతుంది. ఎదురుగా ఉన్నది తల్లిని పోగొట్టుకున్న దున్న. చెప్పకపోతే సింహాద్రమ్మ పేరూ పోతుంది, ఆమె ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద కూర్చుని నిలబెట్టిన ఆచారమూ పోతుంది. ఊరుకుంటే సుఖమే. ఇన్నాళ్ళూ ఊరుకోలేదా? ఒక్క క్షణం అలాగే అనుకున్నాడు. తర్వాత ఆవిడ మోకాళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. ఇక కూర్చోలేకపోయాడు.

కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి రాయెక్కాడు.

"గంగులూ, వరద నాడు ఆలస్యం చేసింది సింహాద్రమ్మ కాదు. నేను" అన్నాడు.

సూరీడు తల పట్టుకున్నాడు.

"ఆ ఏడు మృగశిర కార్తె రాకముందే మబ్బులు పట్టాయి. దూరపు వాన ఏనుగు పాదాలకు ముందే తెలుస్తుంది. పొద్దున్నే నా గడపకు వచ్చింది. 'వాగొడ్డు వాళ్ళను మీ దుంపల మెట్ట మీదికి ఎక్కిస్తాను, నీ మాటేమిటి?' అంది. నేను మెలకువగానే ఉన్నాను. పడుకున్నానని మా ఆవిడతో చెప్పించాను. మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఆలోచిస్తున్నానని చెప్పించాను. ఆలోచించడానికి ఏముంది? ఏమీ లేదు. నెల రోజుల్లో ఎన్నికలు. అధ్యక్షురాలు ఒకసారి వస్తే మర్యాద. మూడుసార్లు వస్తే పైడయ్య ఎంత గొప్పవాడో అందరూ చూస్తారు. అదీ నా కక్కుర్తి. మూడోసారి సాయంత్రం వచ్చింది. అప్పుడు బయటికొచ్చి, నాకేం అభ్యంతరం లేదన్నాను. ఆ మాట అంటుండగానే వాన విరుచుకుపడింది."

గంగులు ముక్కుపుటాలు అదిరాయి.

"మరి వరద తర్వాత పెట్టిన సభలో ఆవిడ తప్పు నాదే అందెందుకు?" అని గద్దించాడు.

"అదే నేనూ అడిగాను బాబూ. తప్పు తనదేనన్నందుకే ఆ ఎన్నికల్లో ఓడింది, నేను గెలిచాను. అధ్యక్షుడినయ్యాక ఎదురుమాట కోసం నేను ఆవిడ దగ్గరికి బయల్దేరాలి. నా పాపం నాకు తెలుసుగా? నన్ను మూడుసార్లు తిప్పుతుంది, ముప్పై సార్లు తిప్పుతుందనుకుంటూ నడిచాను. సగం దారి కూడా వెళ్ళలేదు. ఎదురుగా ఆవిడే వస్తోంది. 'నీ పొట్టి కాళ్ళతో మా దాకా వచ్చేసరికి పొద్దు వాలిపోతుంది పైడయ్యా. పని ఆలస్యమైతే మాట నీకొస్తుంది. అందుకే నేనే వచ్చాను. అడుగు' అంది."

ఇక్కడికి వచ్చేసరికి పైడయ్య అంతమంది ముందూ ఏడ్చేశాడు. కాసేపటికి తమాయించుకున్నాడు.

"నా పేరెందుకు చెప్పలేదక్కా అని అడిగాను. 'చెబితే అడవిలో ఎదుటి పార్టీ మాట ఇంకెవరూ నమ్మరు. నమ్మకం పోతే ఎదురుమాటే పోతుంది. అయినా నీ మాట కోసం ఆగకుండా చాటింపు వెయ్యాల్సింది. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు ఆచారం పట్టుకు కూర్చున్నాను. ఆ తప్పు నాదే, నేనే మోస్తాను' అంది. ఆవిడ తప్పులు చెయ్యలేదని నేననను. తన తప్పుతో పాటు నా తప్పు కూడా మోసింది. నేను మొయ్యలేదు. ఇదీ లెక్క. ఇప్పుడు మీరు ఎవర్ని ఏమంటారో అనండి."

దుంప పార్టీలో గోల మొదలైంది. "పార్టీ పరువు తీశాడు!" అని ఒకరు, "ముసలోడికి మతి పోయింది" అని ఇంకొకరు. సూరీడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. పైడయ్యకు దారి ఇవ్వడానికి కూడా ఎవరూ జరగలేదు.

గంగులు నాలుగడుగులు వేసి ముసలి ముళ్ళపంది ముందు నిలబడ్డాడు. ఆ కొమ్ములు చూసి కుందేళ్ళు కళ్ళు మూసుకున్నాయి.

"నిన్ను క్షమించానని అనుకోకు తాతా" అన్నాడు గంగులు.

"అడగలేదు బాబూ. అడిగే మొహమూ లేదు" అన్నాడు పైడయ్య.

గంగులు వాగు వైపు చూశాడు. ఇన్నేళ్ళూ సింహాద్రమ్మ మీద పెంచుకున్న కోపం ఎటు పోవాలో తెలియక వాడి లోపలే తిరుగుతోంది. చివరికి సభ వైపు తిరిగాడు.

"ఎదురుమాట ఉంచుదాం. కానీ ఒక షరతు. అడిగేవాడు ఒక్కసారే వస్తాడు. అడిగిన పూటే మాట చెప్పాలి. దాగుడుమూతలు ఆడితే చాటింపు ఆగదు. ఒప్పుకునేవాళ్ళు ఎడమ పక్కకు రండి."

ముందు లేళ్ళు కదిలాయి. తర్వాత ముంగిసలు. తర్వాత కుందేళ్ళు, ఈసారి ఎవరూ చెప్పకుండానే. చూస్తుండగా సభలో సగానికి పైగా ఎడమ పక్క చేరింది. పైడయ్య కూడా వెళ్ళి వాళ్ళ చివర నిలబడ్డాడు.

అప్పుడు గంగులు నేరుగా ఎలుగుబంటి దగ్గరికి నడిచాడు.

"సూరీడూ, వాగుకు అడ్డుకట్ట వేద్దామనుకుంటున్నాను. నీ మాటేమిటి? చెప్పు, వింటాను."

సూరీడు నోరు తెరిచాడు. తిట్లు చాలా వచ్చు. మాట మాత్రం ఒక్కటీ రాలేదు.

"ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు గంగులూ. అడగరు కదా అని నేనూ ఆలోచించలేదు" అన్నాడు తల గోక్కుంటూ. "ఒక్కసారి వాగు చూసొస్తాను, ఉండు."

"పొద్దు వాలేలోగా రా. ఇక్కడే ఉంటాను" అన్నాడు గంగులు. అని మోకాళ్ళు మడిచి నేల మీద కూర్చున్నాడు.

ఎలుగుబంటి పరుగెత్తాడు. వాగు పైవంపు చూశాడు. కింద మడుగు దాకా ఒడ్డు వెంబడే నడిచాడు. వగరుస్తూ, ఒళ్ళంతా బురదతో తిరిగొచ్చాడు.

"కట్ట వెయ్యి, వద్దనను. కానీ నిండుగా వేస్తే వేసవిలో కింద మడుగు ఎండిపోతుంది. అక్కడ మా పందిపిల్లలే కాదు, మీ లేడిపిల్లలూ తాగుతున్నాయి. నా కళ్ళతో చూసొచ్చాను. మధ్యలో ఒక్క బండ ఖాళీ వదిలెయ్యి" అన్నాడు.

వీడేదో అడ్డం పడడానికే వస్తాడనుకున్న గంగులు ఆశ్చర్యపోయాడు. లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"ఒకటి చాలదు సూరీడూ. రెండు బండలు వదులుతాను" అన్నాడు.

వరస చివర నిలబడ్డ పైడయ్య ఆ మాట విన్నాడు. అతని పక్కన ఎవరూ లేరు. అయినా ఎవరితోనో చెప్తున్నట్టు మెల్లగా అన్నాడు.

"విన్నావా అక్కా? వింటున్నారు."

నీతి: ఎదుటివాడి మాట వినడం ఏలేవాడి ధర్మం; వినడానికి వచ్చినవాడికి నిజమైన మాట వేళకు చెప్పడం ఎదుటివాడి ధర్మం.