పాడె దిగిన రాజుగారి జాతకం

వేములకోటలో చావు అనే మాట నిషేధం. రాజా అనంతభూపతిగారి ఆజ్ఞ. దీపం కొండెక్కిందన్నా కొరడా దెబ్బలే. "ఆకలికి చస్తున్నా" అని నోరు జారిన వంటవాడు ఆ పూట నిజంగానే పస్తు పడుకున్నాడు.

రాజుగారికి చావంటే భయం. ఆ భయం బుర్రలో తిష్ఠ వేసుకుని ఆయన్ని బొంగరంలా తిప్పేది. వేసిన గడియ వేశానో లేదో మళ్ళీ చూసుకోవాలి. చూసుకున్న నాడి మళ్ళీ చూసుకోవాలి. మంచం కింద పాముందేమోనని వంగి చూసి, లేచి, తను వంగినప్పుడు అది పక్కకు తప్పుకుందేమోనని మళ్ళీ వంగేవాడు. ఇదీ మన ఏలిక పరాక్రమం!

ఈ భయానికి పాలు పోసి పెంచినవాడు ఆస్థాన జ్యోతిష్కుడు పేరయ్య సిద్ధాంతి. 'త్రికాలజ్ఞ' అని తన బిరుదు తనే తగిలించుకున్న మహానుభావుడు. ఎప్పటికప్పుడు ఓ కొత్త గండం చెప్పడం, ఓ కొత్త రాగి తాయెత్తు కట్టడం. రాజుగారు నడిచొస్తుంటే ఆ గలగలకి గంగిరెద్దు వస్తోందేమోనని పిల్లలు బయటికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

అంతటితో ఆగితే నవ్వుకుని ఊరుకుందుము. ఆ ఏడు సిద్ధాంతి జలగండం చెప్పాడు.

ఏటా నాట్లకు ముందు రాజే స్వయంగా మోకాటిలోతు నీళ్ళలో దిగి పెద్దకాలువ తూము ఎత్తడం అక్కడి ఆచారం. రాజు చెయ్యి పడందే మరొకరు ముట్టుకోరు. ఈ రాజేమో చెంబులో నీళ్ళు చూసినా వెనక్కి జరుగుతున్నాడు. నారుమళ్ళు పసుపెక్కాయి. రైతులు పనులు మాని కోటవాకిట్లో కూర్చున్నారు.

చివరికి రాజుగారికే తన మీద తనకు విసుగొచ్చింది.

"నా భయం పోగొట్టినవాళ్ళకి కోరింది ఇస్తాను. పోగొడతామని ముందుకొచ్చి చేతకాకపోతే మాత్రం పొలిమేర దాటాలి" అని సభలో చెప్పేశాడు.

అందరూ నేల చూపులు చూశారు. రాజుకి తాంబూలం అందించే అడపకత్తె కోనమ్మ మాత్రం తన పాటికి తను తమలపాకు తుడుస్తోంది. ఆ కాలువ కింద ఎండుతున్న మళ్ళలో ఆమె తమ్ముడిదీ ఒకటి.

"ఆకు తుడిచావా, కోనమ్మా?"

"తుడిచాను, ప్రభూ."

"రెండో వైపు?"

"అదీ తుడిచాను."

"మొదటి వైపు మళ్ళీ ఓసారి..."

కోనమ్మ ఆకు పళ్ళెంలో పెట్టేసింది.

"ప్రభూ, మీరు ఒక్కసారి చచ్చి చూడండి."

సిద్ధాంతి ఎగిరి లేచాడు. "రాజద్రోహం! నిండుసభలో ఆ మాటా!"

"నాటకంలో వేషం కట్టేవాడు నెలల తరబడి సాధన చేస్తాడు, సిద్ధాంతిగారూ. ప్రభువులకి తప్పకుండా కట్టాల్సిన వేషం ఇదొక్కటే. దానికి ఒక్కరోజన్నా సాధన లేదు. భయమెయ్యక ఏమేస్తుంది?"

రాజు గడ్డం నిమురుకున్నాడు. "ఏం చెయ్యాలంటావు?"

"పాడె మీద పడుకోవాలి. అంతే. పీనుగు చెయ్యని పని మీరూ చెయ్యకూడదు."

పాడెను చూస్తేనే రాజు కేకలు పెడతాడని సిద్ధాంతి లెక్క. "కానివ్వండి ప్రభూ! దీని మూట సర్దించి ఉంచుతాను" అన్నాడు హుషారుగా.

"మంచిది. పాడె మొయ్యడానికి బాగా కావలసినవాళ్ళు ఉండాలి కదా! ప్రభువులకి మీకంటే కావలసినవాళ్ళెవరండీ?"

కాదంటే ఏమవుతుందో త్రికాలజ్ఞుడికి బాగానే తెలుసు. ముందుకొమ్ము భుజానికెత్తుకున్నాడు.

పీనుగు ఒంటిమీద ఏమీ ఉంచరంటూ కోనమ్మ తాయెత్తులన్నీ విప్పి తట్టలో పోసింది. రాజు కళ్ళు గట్టిగా మూసుకుని పాడె మీద వాలాడు. పాడె కాలువ వైపు కదిలింది, వాకిట్లోని రైతులు వెంట నడిచారు. నాలుగడుగులు వెయ్యగానే రాజు చెయ్యి నాడి మీదకు పాకింది.

"పీనుగు నాడి చూసుకోదు, ప్రభూ."

చెయ్యి వెనక్కి పోయింది.

"కోనమ్మా, నా పడకగది గడియ..."

"పీనుగుకి పడకగది లేదు."

"ముక్కు మీద ఈగ!"

"ఉండనివ్వండి. దానికి లేని బాధ మీకెందుకు?"

ఆ తర్వాత పాడె మీంచి మాట రాలేదు. రాజుగారి నొసటి ముడి వీడింది. ఎండ మొహాన పడుతుంటే తాపీగా ఊపిరి తీస్తున్నాడు. కింద సిద్ధాంతి మాత్రం కమ్మరి తిత్తిలా రొప్పుతున్నాడు.

కాలువగట్టు రాగానే కోనమ్మ పాడె దించమంది. దింపుడుకళ్ళం. ప్రాణం ఏ మూలనైనా ఉందేమోనని చెవిలో మూడుసార్లు పిలిచే చోటు. ఆమె రాజు చెవి దగ్గర వంగింది.

"అనంతభూపతీ! ఆకు రెండో వైపు తుడిచానో లేదో!"

ఉలుకు లేదు.

"అనంతభూపతీ! మంచం కింద పాము!"

పెదవి కొస కొంచెం వంకర తిరిగింది. నవ్వు. అంతే.

"అనంతభూపతీ! నారు ఎండిపోతోంది. తూము ఎత్తేవాడు లేడు."

రాజు కళ్ళు తెరిచాడు. లేచి కూర్చున్నాడు. "మొదటి రెండు పిలుపులకీ లేవబుద్ధి కాలేదు, కోనమ్మా" అంటూ పంచె ఎగగట్టి నీళ్ళ వైపు నడిచాడు.

సిద్ధాంతి అడ్డం పడ్డాడు. "ప్రభూ, ఆగండి! జలగండం! మీ జాతకంలో ఉంది!"

కోనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏ జాతకమండీ? ఇందాక మీ భుజం మీద మోసుకొచ్చి ఇక్కడ దించారే, ఆ పీనుగుదా?"

గట్టు మీద రైతులు పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది రాజే. నవ్వుతూనే మోకాటిలోతు నీళ్ళలో దిగి, రెండు చేతులా తూము ఎత్తాడు. నీళ్ళు ఒక్క ఊపున మళ్ళ మీదకు దూకాయి.

"కోనమ్మా, ఏం కావాలో కోరుకో!"

"ఆ తట్టెడు తాయెత్తులూ కరిగించి తూముకి కొత్త గొలుసు చేయించండి, ప్రభూ. ఏటా తూము ఎత్తే ముందు మీరు ఇలా ఓసారి పాడె ఎక్కండి. ముందుకొమ్ము సిద్ధాంతిగారిదే."

"మరి నీకు?"

"తుడిచిన ఆకు మళ్ళీ తుడవమనకండి. చేతులు నొప్పులు పుడుతున్నాయి."

రాజు తన చేతి కంకణం తీసి ఆమె చేతికి తొడిగాడు. కోనమ్మ తాంబూలం అందించింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? "ఆకు తుడి..." అంటూనే నాలిక కరుచుకుని, ఆకు గబుక్కున నోట్లో పెట్టుకుని, ఈసారి తనని చూసి తనే నవ్వుకున్నాడు.