రాజుగారి అంగడిలో ‘వద్దు’ గుమ్మం

పూర్వం ఒక రాజుగారు ప్రజల సౌకర్యం కోసం పెద్ద అంగడి కట్టించారు. లోపలికి వెళ్లడానికి మాత్రమే ఏడు గుమ్మాలు. సరుకు కొన్నవాళ్లు బయటికి రావడానికి ఏనుగు పట్టేంత ద్వారం. కొననివాళ్లకు ‘వద్దు’ అని రాసిన గుమ్మం వేరే ఉంది.

చీరలు చూద్దామని వెళ్లిన బీరమ్మకు ఆ గుమ్మం ఎంత వెతికినా కనబడలేదు. పెద్ద ద్వారం దగ్గర భటులు అడ్డుకున్నారు. బయట అత్త చేతిలో చంటిబిడ్డ పాలకోసం గుక్కపట్టి ఏడుస్తోంది.

అంతలో రాజుగారు తనిఖీకి వచ్చారు. అంగడి అధికారి కొండలరాయుడు మీసం దువ్వాడు.

“ప్రభూ, ఏడాదిలో ఒక్కరూ ‘వద్దు’ గుమ్మంలోంచి పోలేదు. మన సరుకంటే జనానికి అంత ఇష్టం.”

బీరమ్మ నిర్ఘాంతపోయింది. దారి దొరక్క అల్లాడుతుంటే దాన్ని ఇష్టమంటున్నాడు ఈయన. వెంటనే చేతులు జోడించింది.

“ప్రభూ, ఈ అధికారిగారు కూడా ఇవాళ ఏమీ కొనలేదు కదా. ఆ గుమ్మంలోంచి ఆయన ముందు నడిస్తే నేను వెనకాలే పోతాను. నా బిడ్డ ఏడుస్తోంది.”

రాజుగారు తలూపారు. కొండలరాయుడు చెమటలు కక్కుతూ బస్తాలు జరిపించాడు. వాటి వెనక, గోడ అడుగున, మోకాలెత్తు కంత ఉంది. రాజుగారు వంగి చూస్తే దాని మీద ‘వద్దు’ అని రాసి ఉంది. అధికారి అందులో తల దూర్చి, బొజ్జ దగ్గర ఇరుక్కుపోయాడు.

“పెద్ద ద్వారం అందరికీ తెరవండి” అన్నారు రాజుగారు. “ఇతన్నేం చేద్దాం?”

బీరమ్మ అప్పటికే గడప దాటుతోంది.

“బయటికి రావడం లేదంటే అక్కడ ఆయనకు బాగా నచ్చినట్టే కదా ప్రభూ.”