అతిథులు కలపని ఆవకాయ

ఒకానొక రాజ్యంలో ఊరగాయ జాడీ మూత మీద కూడా రాజుగారి మీసం అచ్చువేసి ఉండేది. ఆ రాజ్యం పేరు వేగవతీపురం, రాజుగారి పేరు ఉద్దండ భూపతి. ఆయన మీసం నాణేల మీద ఉండేది, కోట గుమ్మం మీద ఉండేది, ఆఖరికి వంటింటి గరిటెల మీద కూడా ఉండేది. తన మీసం ఎక్కడిదాకా కనబడితే తన మాట అక్కడిదాకా చెల్లుతుందని ఆయన నమ్మకం.

ఆ కొలువులో తిప్పన అని ఒకడుండేవాడు. అతనికి చెప్పుకోదగ్గ పదవేమీ లేదు. రాజుగారికి కోపం వస్తే నవ్వించడం, ఆయన నవ్వుతున్నప్పుడు నలుగురికి పనికొచ్చే మాట ఒకటి చెవిన వెయ్యడం, అదే అతని ఉద్యోగం.

వేగవతీపురం ఆవకాయకు సముద్రం అవతల శంఖద్వీపంలో మంచి గిరాకీ పుట్టింది. ఆ ద్వీపంలో పుల్లమామిడి విరగకాస్తుంది కూడాను.

"కాయ అక్కడే ఉంటే జాడీలు ఇక్కణ్ణుంచి మొయ్యడం దేనికి? అక్కడే ఒక ఊరగాయల సాల పెట్టించండి" అన్నారు రాజుగారు.

మన వాళ్ళను పంపుదామంటే, పడవెక్కగానే సగంమందికి కడుపులో తిప్పుతుంది. మిగతా సగానికి పడవను చూస్తేనే తిప్పుతుంది. అందుకని ద్వీపంలోని ఆడవాళ్ళనే పనిలో పెట్టుకోవాలనుకున్నారు. వాళ్ళను కుదర్చడానికి తిప్పన వెళ్ళాడు.

అక్కడ అందరికంటే ముందు వచ్చి మాట్లాడింది పగడమ్మ. ఆమె భర్త చేపలవేటకు పోతే ఎప్పుడొస్తాడో సముద్రానికే తెలియాలి. ఇల్లు ఆమె రెక్కల మీదే నడవాలి. అందుకే ఆమె మాట తిన్నగా ఉండేది.

"అయ్యా, మీ రాజుగారి కట్టుబాటు ఒకటుంటుంది, మా ద్వీపం కట్టుబాటు ఒకటుంది. రేపు తేడా వస్తే ఏది నడుస్తుంది?"

"ముందు మీదేమిటో చెప్పమ్మా" అన్నాడు తిప్పన.

"జీతం పున్నమికి పున్నమికి ఇవ్వాలి, అదీ మా అంగట్లో చెల్లే నాణెంతో. అందులో ద్వీపం వాటా ఉంటుంది. దాన్ని పనిచ్చినవాళ్ళే పట్టుకుని మా భండారంలో కట్టాలి. నడినెత్తి ఎండలో పని చేయించకూడదు. నీడన కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వాలి. పనిలో దెబ్బ తగిలితే మానేదాకా జీతం ఆపకూడదు. మనిషి వద్దనుకుంటే నెల ముందు చెప్పాలి."

"అంతేనా?"

పగడమ్మ కాస్త ఆలోచించింది. "మజ్జిగలో ఉప్పు వెయ్యాలి."

తిప్పన నవ్వి, "పని జరిగేది ఈ నేల మీద. అంచేత కట్టుబాటూ ఈ నేలదే. ఇది నా మాట" అన్నాడు.

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. పక్క ఊళ్ళో పొలం కొన్నవాడు శిస్తు పక్క ఊరికి కడతాడు. "నేను ఈ ఊరివాణ్ణి, శిస్తూ ఇక్కడే కడతాను" అంటే పొలం దున్ననిస్తారా? మనిషిని పనిలో పెట్టుకోవడం కూడా అలాంటిదే. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చినా, చెయ్యి కదిలేచోటి కట్టుబాటే దానికి వర్తిస్తుంది.

తిప్పన తిరిగి వచ్చి ఈ సంగతులన్నీ రాజుగారికి విన్నవించాడు. అప్పుడాయన భోజనం చేస్తున్నారు. అంతా విని తల ఊపారు.

మొదటి జీతాల దగ్గరే చిక్కు వచ్చింది. వేగవతీపురంలో నెల అమావాస్యతో ముగుస్తుంది. మంత్రి విరూపయ్య అమావాస్యకు లెక్క చూసి, రాజుగారి మీసం ఉన్న నాణేలు పంపించాడు. ద్వీపంలో పున్నమి దాటి అప్పటికి చాలా రోజులైంది. చేపలమ్మే అవ్వ ఆ నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరి మీసమమ్మా ఇది? బాగానే ఉంది గాని, దీనికి చేప రాదు" అంది.

ఈ కబురు రాజుగారిని బాగా నొప్పించింది. "నా మీసానికి చేప రాదా?"

"మన అంగట్లో అయితే తిమింగలం కూడా వస్తుంది ప్రభూ" అన్నాడు తిప్పన. "అక్కడి అవ్వకు మాత్రం అక్కడి నాణెమే కావాలిట." ఎలాగో నచ్చజెప్పి నాణేలు మార్పించి పంపాడు.

అసలు గొడవ మామిడికాయల రోజుల్లో వచ్చింది. నిండు జాడీ ఒకటి జారి పగడమ్మ కాలి మీద పడింది. పాదం వాచిపోయి ఆమె మంచం పట్టింది. సంగతి తెలియగానే విరూపయ్య కబురు పంపాడు. "పని లేనప్పుడు జీతం లేదు. ఆమె ఇకమీదట రానక్కర్లేదు."

పగడమ్మ కూడా తిప్పనకు ఒక కబురు పంపింది. అందులో ఏడుపూ లేదు, తిట్టూ లేదు. "ఇంట్లో తిండి గంజిదాకా వచ్చింది. మీ మాట ఏమైందో కనుక్కుందామని" అంది, అంతే.

పగడమ్మ అంతటితో ఊరుకోలేదు. ద్వీపంలో న్యాయం చెప్పే పెద్దాయనకు ఫిర్యాదు చేసింది. ఆయన్ని అక్కడ అందరూ తీర్పరిగారంటారు. "యజమాని స్వయంగా వచ్చి సమాధానం చెప్పాలి. రాకపోతే సాల మూసేస్తాం" అని ఆయన వర్తమానం పంపాడు.

"నన్ను రమ్మంటాడా?" అన్నారు రాజుగారు. తరవాత తిప్పన వైపు తిరిగారు. "ఆ కట్టుబాట్లకు ఒప్పుకున్నది నువ్వు."

"తమరు తల ఊపారు ప్రభూ."

"నేను తల ఊపింది ముద్దపప్పులో ఆవకాయ కలిసిన తీరుకి. సాల మూతపడిందంటే నువ్వు బతికినన్నాళ్ళూ ఉప్పుమడుల్లోనే ఉంటావు. పద, పడవ కట్టించు."

పడవ ద్వీపం చేరేసరికి గొడుగు పట్టేవాడు, బిరుదులు చదివే భట్రాజు, కావలి భటులు అందరూ ఒడ్డున ఇసకలో వరసగా పడుకుండిపోయారు. భట్రాజు పడుకునే "రాజాధి..." అని మొదలుపెట్టి, మిగతాది మింగేశాడు. కాళ్ళమీద నిలబడ్డవాళ్ళు రాజుగారు, మంత్రి, తిప్పన మాత్రమే.

సాల ముందు తాటాకు పందిట్లో తీర్పరి కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు. పగడమ్మ కట్టు కట్టిన కాలు చాపుకుని పీట మీద కూర్చుంది. మిగతా పనివాళ్ళు ఆమె వెనక నిలబడ్డారు.

"ఈమె మీ పనిమనిషేనా?" అని తీర్పరి అడిగాడు.

రాజుగారు నోరు తెరిచేలోపల విరూపయ్య ముందుకు వచ్చాడు. దారంతా ఆయన ఆలోచించింది దీని గురించే.

"కాదండీ. ఈ ఆడవాళ్ళెవరూ మా పనివాళ్ళు కారు. మా రాజుగారి అతిథులు. సరదాకు వస్తారు, సరదాకు నాలుగు కాయలు కోస్తారు. మేం సంతోషించి చేతిలో ఏదో పెడతాం. అతిథికి జీతమేమిటి, సెలవేమిటి, నెల ముందు చెప్పడమేమిటి?"

తీర్పరి వల అల్లడం ఆపలేదు. "అతిథులే అయితే పనివాళ్ళ కట్టుబాటు వర్తించదు. నిజంగా అతిథులేనా?"

"మహారాజుగారి సాక్షిగా" అన్నాడు విరూపయ్య.

రాజుగారు మీసం దువ్వారు. పగడమ్మ మాత్రం తిప్పన మొహంలోకే చూస్తోంది. తిప్పన ఆ చూపు తప్పించుకోవాలని సాల లోపలికి చూశాడు. అక్కడ కొత్త ఆవకాయ జాడీలు గుడ్డలు కట్టి వరసగా ఉన్నాయి. కలిపి పెట్టిన మూడో రోజు అది. అప్పుడతనికి కాస్త ఊపిరి ఆడింది.

"ప్రభూ, మంత్రిగారు ఎంత చక్కగా సెలవిచ్చారు" అన్నాడు. "అతిథులను ఆదరించడంలో తమంతటివారు లేరని ఏడు తీరాలూ చెప్పుకుంటాయి. ఈ మర్యాదలు నేను చూసుకోనా?"

పొగడ్త చెవిని పడగానే రాజుగారి మొహం విచ్చుకుంది. "చూడు. ఏ లోటూ రాకూడదు."

తిప్పన చాపలు పరిపించాడు. ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, పడవలో రాజుగారి కోసం తెచ్చిన అరిసెలు, వేయించిన అప్పడాలు ఆకుల్లో వడ్డించాడు. పగడమ్మ కాలికింద రాజుగారి దిండు పెట్టాడు. చెంబుతో నీళ్ళు అందిస్తూ అటూ ఇటూ తిరిగాడు.

"మీరు చెయ్యి కదపకండమ్మా. అతిథులు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

కాసేపటికి రాజుగారి ముక్కుకు ఆవఘాటు తగిలింది. ఆవకాయ విషయంలో మాత్రం ఆయన నిజంగానే పండితుడు.

"ఇది మూడో రోజు కదూ? ఇవాళ అడుగునుంచి కలిపి, ఉప్పు చూసి, నూనె పొయ్యాలి. లేకపోతే బూజు పట్టి జాడీలన్నీ పారబొయ్యాలి. ఎవరూ లేవరేం?"

"అతిథులు కదా ప్రభూ" అన్నాడు తిప్పన.

విరూపయ్యకు ఒళ్ళు మండింది. వరసలో ముందు కూర్చున్న ఆమెతో, "ఓయ్, లే. ఆ తెడ్డు అందుకో. ముందు ఆ చివరి జాడీ కానివ్వు" అన్నాడు.

తీర్పరి వల మీదినుంచి తలెత్తాడు. "మంత్రిగారూ, ఆమె ఏం చెయ్యాలో చెప్పారు. ఏది ముందో చెప్పారు. తెడ్డూ మీదే, జాడీ మీదే. మా ద్వీపంలో అలా చెప్పించుకుని చేసేవాళ్ళను పనివాళ్ళంటాం. పేరు మీరు ఏది పెట్టినా సరే. ఆమె పనిమనిషని తీర్పు చెప్పెయ్యనా?"

విరూపయ్య నాలుక కరుచుకున్నాడు. "అబ్బే, అలవాటు కొద్దీ నోరు జారింది. కూర్చోమ్మా, కూర్చో. ఇంకో అప్పడం వేసుకో."

రాజుగారి కళ్ళు జాడీలను వదలడం లేదు. "తిప్పనా, పోనీ నువ్వు కలుపు."

తిప్పన రెండు చేతులూ చాపి చూపించాడు. మణికట్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. "తడి చేతులు ప్రభూ. అతిథులకు నీళ్ళు అందిస్తున్నాను."

"వద్దొద్దు, జాడీ దగ్గరికి రాకు" అని రాజుగారే వెనక్కి తగ్గారు.

ఇసకలో ఉన్నవాళ్ళింకా లేవలేదు. ఉండబట్టలేక వేగవతీపురాధీశులు ఉత్తరీయం నడుముకు బిగించి తెడ్డు పట్టుకున్నారు. రాజుగారు వంగాక మంత్రి నిలబడి చూస్తే బాగుండదు. విరూపయ్యా వంగాడు.

చాపల మీదివాళ్ళు అరిసెలు తింటూ వేడుక చూస్తున్నారు. "అడుగునుంచి, అడుగునుంచి" అంటూ ఒకావిడ మర్యాదగా గుర్తుచేసింది. కారం ఘాటుకి విరూపయ్య తుమ్ముతూనే ఉన్నాడు. రాజుగారు అలవాటు చొప్పున మీసం దువ్వబోయి, అదే చేత్తో మూతీ ముక్కూ అంటించుకున్నారు. ఆ మంటకు కళ్ళనీళ్ళు తిరిగినా బింకంగా మరో జాడీ దగ్గరికి నడిచారు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. రాజుగారు తెడ్డు గోడకు ఆనించి, నీడ కోసం పందిరి వైపు అడుగు వేశారు.

తిప్పన వినయంగా దారికి అడ్డం నిలబడ్డాడు. "ప్రభూ, ఇంకో వరస ఉంది. మన కట్టుబాటు ప్రకారం పొద్దు గుంకేదాకా పనిలో కూర్చోకూడదు. తమరు శాసనం చేసిందే."

"ఆ శాసనం నేను వేగవతీపురంలో చేశాను" అన్నారు రాజుగారు రొప్పుతూ. "అక్కడ ఏటిగాలి ఉంది, చెట్లనీడ ఉంది. ఇక్కడ పైనుంచి ఎండ, కిందనుంచి ఇసక. అక్కడ కూర్చుని చేసిన శాసనం ఇక్కడెలా పనికొస్తుంది? ఇక్కడ పని చేసేవాడికి ఇక్కడి కట్టుబాటే..."

మాట అక్కడ ఆగిపోయింది. తీర్పరి చేతిలో సూది ఆగింది. పగడమ్మ అప్పడం ఆకులో పెట్టేసింది.

రాజుగారు తిప్పనను చూశారు. అతని తడిచేతులను చూశారు. తన దిండు మీద దర్జాగా ఉన్న ఆ కట్టుకట్టిన కాలిని చూశారు. ముందు మీసం వణికింది. తరవాత పొట్ట కదిలింది. ఆ పైన ఆయన నవ్విన నవ్వుకి ఇసకలో పడుకున్న భట్రాజు ఉలిక్కిపడి లేచి, మిగిలిపోయిన బిరుదు పూర్తిచేశాడు.

"తీర్పరిగారూ, వీళ్ళు నా పనివాళ్ళు" అన్నారు రాజుగారు కళ్ళు తుడుచుకుని, అందువల్ల కళ్ళు మరింత మండి. "అతిథులని చెప్పనిచ్చినందుకు పొద్దుటినుంచీ శిక్ష అనుభవిస్తూనే ఉన్నాను. పగడమ్మ పాదం మానేదాకా జీతం ఆగదు. మానాక ఆమె చోటు ఆమెదే. పున్నమికి పున్నమి, మీ నాణెం, మీ వాటా, అన్నీ మీ పద్ధతే."

తీర్పరి తల పంకించి మళ్ళీ వల అందుకున్నాడు.

"మహారాజా, ఈ నీడకు రండి. మజ్జిగ ఇస్తాం" అని పగడమ్మ పిలిచింది.

"పనివాడిగానా, అతిథిగానా?"

"చెమట పట్టింది కదండీ. పనివాడే."

ఆడవాళ్ళు నవ్వుతూ లేచి తెడ్లు అందుకోబోతే ఆమె వారించింది. "ఎండ దిగాక కలుపుదాం. కట్టుబాటు కట్టుబాటే."

జాడీ మీద వంగి ఉన్న విరూపయ్య దీనంగా తలెత్తాడు. "ప్రభూ, మరి నేను..."

"నువ్వూ రావయ్యా. మజ్జిగ అందరికీనూ" అన్నారు రాజుగారు.

చల్లబడ్డాక ఆయన మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశారు. "ఉప్పుమడులు తప్పించుకున్నావు. ఇంకా ఏం కావాలో కోరుకో."

"పొద్దుటినుంచి నేనూ ఇక్కడే పని చేస్తున్నాను ప్రభూ. నా మజ్జిగ నాకింకా రాలేదు."

ఉద్దండ భూపతి పకపకా నవ్వి, కుండలోంచి తన చేత్తోనే ముంత నింపి అందించారు. తిప్పన అది పుచ్చుకుని, తాగబోతూ ఆగాడు. అతని చూపు పగడమ్మ వైపు వెళ్ళింది.

ఆమె దిండు మీది కాలు కదపకుండానే రాజుగారిని అడిగింది. "ఉప్పు వేశారా?"