దొంగనని చెప్పుకున్న ఓదెమ్మ

అనగనగా అంటే ఎప్పుడని నన్ను అడగకండి. మా తాత నాకు చెప్పేనాటికే ఇది పాతకథ. ఆయనకు చెప్పినవాళ్లకూ పాతకథే. గోదారి ఒడ్డున పొగగొట్టాలు తాటిచెట్లను మించి లేచిన కాలం ఒకటి ఉండేది. ఆ పొగగొట్టాలు ముసలివైపోయిన కాలం ఇంకొకటి. ఇది ఆ రెండో కాలం ముచ్చట.

ఆ ఒడ్డున ఒక కరెంటు ఫ్యాక్టరీ. దాని పక్కన వాగొడ్డుగూడెం అని ఒక పల్లె. రెంటికీ నడుమ బొగ్గుమేడ. రైలు పెట్టెల్లో వచ్చిన బొగ్గును దించుకుని, పగలగొట్టి, బెల్టుల మీద మంటల్లోకి పంపే కట్టడం అది. పని ఆగి పన్నెండేళ్లయింది. గాలి వీస్తే కిర్రుమనేది. వాన పడితే రేకులు ఊడిపడేవి. గాలీ వానా లేకపోయినా చూస్తే భయం వేసేది. ఇక దాన్ని కూల్చేయాలని పెద్దలు అనుకున్నారు.

కూల్చడానికి పద్మనాభం అనే ఇంజనీరు వచ్చాడు. ఆయన సముద్రం పక్క మనిషి. మహా జాగ్రత్తపరుడు. చెప్పులు వేసుకునే ముందు కూడా మూడుసార్లు దులిపి చూసుకునేవాడు. మేడ నక్షా, అదే దాని పటం, మూడుసార్లు చదివాడు. మేడ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "స్తంభాల్లో పేలుడు మందు పెట్టి ఒక్కసారిగా కూల్చేద్దాం. కానీ ఒక్క మనిషికి గోరంత దెబ్బ తగలడానికి వీల్లేదు" అన్నాడు. రాళ్లు ఎగురుతాయని, దుమ్ము కమ్ముతుందని, ఆ రోజు పల్లెలో ఎవరూ ఇళ్లల్లో ఉండకూడదన్నాడు. దూరంగా ఉన్న మైదానంలో షామియానా వేసి మూడు వందల మందినీ అక్కడ కూర్చోబెడదామన్నాడు. మంచి ఆలోచనే. ఆయన చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. వినండి మరి.

ఆ పల్లెలో ఓదెమ్మ అనే ముసలామె ఉండేది. మొగుడు పోయాడు, కొడుకూ పోయాడు. మిగిలింది కోడలు సారక్క, ఏడాది నిండిన మనవరాలు. సారక్క ఫ్యాక్టరీ గేటు దగ్గర ఊడ్చే పని చేసేది. ఆ ఇంట్లో పొయ్యి మీద కుండ ఎక్కేది ఆ పనితోనే. ఓదెమ్మ అంటే పల్లెలో అందరికీ హడల్. ఎవరి చేలో ఎవరు కంకి తెంపినా, ఎవరి దొడ్లో ఎవరు కాయ కోసినా, "సిగ్గులేదారా, కష్టపడి తినుండ్రి!" అని వీధి చివరిదాకా తరిమేది. నీతికి నిలువుటద్దం అనుకునేవారు ఆమెను.

రోజూ మధ్యాహ్నం ఓదెమ్మ కోడలికి సద్ది తీసుకుని గేటుకు పోయేది. ఒకరోజు అలా పోతూ మైదానంలో గుంజలకు గుంతలు తవ్వుతుంటే చూసింది.

"గీడ ఏం జేస్తాండ్రు బిడ్డా?"

"షామియానా వేస్తున్నం అవ్వా. మేడ కూల్చేనాడు ఊరంత గిక్కణ్ణే కూసుంటది."

ఓదెమ్మ చేతిలో సద్దిగిన్నె జారి కింద పడింది. అన్నం మట్టిపాలైంది. పల్లెలో ఎవరైనా మెతుకు వదిలితే ఊరుకోని మనిషి, ఆ అన్నం వంక చూడనైనా చూడకుండా ఇంజనీరు దగ్గరికి పరిగెత్తింది.

"సారూ, ఆ మైదానంల జనాన్ని కూసోవెట్టకుండ్రి. ఆడ పామున్నది. నా కండ్లార చూసిన."

పద్మనాభం జాగ్రత్తపరుడని చెప్పాను కదా. వెంటనే పాములవాణ్ణి పిలిపించాడు. పాములవాడు పొదలన్నీ గాలించి, నిజంగానే నిలువెడు జెర్రిపోతును పట్టాడు! అందరికంటే ఎక్కువ బిత్తరపోయింది ఓదెమ్మే. ఆమె చెప్పింది పచ్చి అబద్ధం మరి. "మంచి మాట చెప్పావు అవ్వా. ఇప్పుడు ఆ మైదానానికి ఏ భయమూ లేదు" అన్నాడు పద్మనాభం. సారక్క మురిసిపోయింది. అమ్మో అనకండి అప్పుడే. ఇంకా ఉంది.

మూడు రోజులు ఓదెమ్మకు కూడు సహించలేదు. నాలుగో రోజు జుట్టు విరబోసుకుంది. ముఖం నిండా పసుపు పూసుకుంది. చేతిలో వేపమండలు పట్టుకుని మైదానంలోకి ఊగుతూ వచ్చింది. "ఆ జాగ నాదిరా! నా నెత్తి మీద కూసుంటరా? ఎవ్వడన్న కూసుంటే ఊరును మింగుత!" అని గావుకేక పెట్టింది. పల్లె పల్లెంతా గజగజ వణికింది. పద్మనాభానికి అమ్మవార్ల మీద నమ్మకం ఉందో లేదో గానీ, జనం భయం మీద గౌరవం ఉంది. "ఏం చేస్తే అమ్మ శాంతిస్తుందో అది చేయండి" అన్నాడు. మైదానం నడుమ ఒక రాయి నిలబెట్టారు. కోడిని కోశారు, పసుపునీళ్ల సాక పోశారు, బోనం పెట్టారు. అయ్యాక పెద్దమనుషులు ఏమన్నారో తెలుసా? "అమ్మ కాపాడే జాగ ఇంకేడ దొరుకుతది? పోరగాండ్లను ముందటి వరుసల, ఆ రాయి పక్కనే కూసోవెడదాం" అన్నారు.

ఓదెమ్మ నెత్తి కొట్టుకుంది. ఒక అబద్ధం ఆడితే ఆ చోటు శుభ్రమైంది. రెండో అబద్ధం ఆడితే అది పవిత్రమైంది. ఇప్పుడు పిల్లలు వచ్చి సరిగ్గా నడిమధ్యన కూర్చోబోతున్నారు. అమ్మో అనకండి అప్పుడే. ఇంకా ఉంది.

మేడ కూల్చడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. ఓదెమ్మ ముందు రెండు దారులు. నిజం చెబితే కోడలి పని పోతుంది. ఎందుకంటే ఆ ఫ్యాక్టరీలో ఒక రూలు ఉండేది. ఎవరైనా ఒక్క బొగ్గుపెళ్ల దొంగిలించారని తేలితే, ఎన్నేళ్ల కిందటిదైనా సరే, ఆ ఇంట్లో మనిషికి గేటు లోపల పని ఉండదు. చెప్పకపోతే మూడు వందల మంది. వాళ్లలో తన మనవరాలు కూడా.

మధ్యాహ్నం అందరూ అన్నాలు తినే వేళ ఆమె గేటు దగ్గరికి వచ్చింది. పద్మనాభం అక్కడే ఉన్నాడు. కాపలా జమేదారు ఉన్నాడు. చీపురు పట్టుకుని సారక్క ఉంది.

"సారూ, పాము అబద్ధం. అమ్మవారు అబద్ధం. నేను దొంగను. గిది నిజం" అంది ఓదెమ్మ.

అందరూ నమలడం ఆపేశారు.

"ఆ మైదానం కింద సొరంగమున్నది. బొగ్గుమేడ కాళ్లదాక పోతది. పదహారేండ్లు దాంట్లకెల్లి బొగ్గు ఎత్తుకొచ్చిన. నా కొడుకును ఆ బొగ్గు అమ్మే పెంచిన."

"అత్తా, నోరు ముయ్యి!" అని సారక్క అరిచింది.

పద్మనాభం నక్షా విప్పాడు. వేలు పెట్టి ఈ కొసనుంచి ఆ కొసకు వెతికాడు. "ఇందులో సొరంగమే లేదు అవ్వా."

"దొంగతోవ నక్షల ఎట్లుంటది సారూ? మొదట్ల బెల్టు అండ్లకెల్లే పోయేది. వరదకు మునిగితే గోడ కట్టి, కొత్త బెల్టు పైకెల్లి వేసిండ్రు, నక్ష గూడ కొత్తది గీసిండ్రు. అటెన్క ఎవ్వలూ దాని దిక్కు చూడలే. మేం ముగ్గురం చూసినం. నేను, లింగవ్వ, నర్సవ్వ. ఆళ్లిద్దరు సచ్చిపోయిండ్రు. పైన రైలుపెట్టె కదిల్తెనే లోపట మా నెత్తిన మన్ను రాలేది. ఒకపారి పైకప్పు ఊడి లింగవ్వ కాలిరిగింది. బాయిల పడ్డదని అందరికి చెప్పినం. అసొంటిదాని మీద మూడు నూర్ల మందిని కూసోవెట్టి, దాని ఆ కొసకు మందు పేలుస్తరా?"

జమేదారు మంచివాడు. ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "అవ్వా, ఆ దొంగతనం మాట వాపస్ తీస్కో. సొరంగం సంగతి ఎవరో చెప్తే విన్ననని చెప్పు. నేను కూడా విననట్టే ఉంట."

"ఎవరో చెప్పిండ్రంటె సారు మళ్ల నక్ష చూస్తడు బిడ్డా. రెండుమాట్లు అబద్ధమాడి చూసిన. అబద్ధానికి మర్యాద జేసిండ్రు గని జనాన్ని జరపలే" అంది ఓదెమ్మ.

ఆమె మైదానంలోకి నడిచింది. వెనకాల అందరూ నడిచారు. ఒకప్పుడు తాము దిగిన, ఇప్పుడు పూడిపోయిన దారి ఉన్న తుమ్మపొదల దగ్గర నిలబడి, అక్కడ్నుంచి అడుగులు వేసుకుంటూ పోయి, అమ్మవారి రాయి పక్కన ఆగింది. "గీడ పొడువుండ్రి" అంది.

ఒక కూలీ గడ్డపార ఎత్తాడు. మొదటి పోటుకు మట్టి లేచింది. రెండో పోటుకు ఇటుక పగిలింది. మూడో పోటుకు గడ్డపార చేతిలోంచి జారి లోపలికి పోయింది. పోయి, పోయి, ఎక్కడో అడుగున ఠంగుమంది. కూలీ వట్టి చేతులు చాపుకుని అలాగే నిలబడిపోయాడు. పద్మనాభం గుడ్డ చుట్టిన రాయిని తాడు కట్టి దింపించాడు. పైకి లాగితే గుడ్డ నల్లగా వచ్చింది. అడుగున బొగ్గుపొడి పరుచుకుని ఉంది. పొడి గాలిలోకి లేచి దానికి నిప్పు అందితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. మూడుసార్లు చదివిన నక్షా చేతిలోనే ఉంది. ఉన్నచోటే మట్టిలో కూలబడ్డాడు. "నేనే తెచ్చి కూర్చోబెట్టేవాణ్ణి. అందర్నీ నా చేతులతో తెచ్చి కూర్చోబెట్టేవాణ్ణి" అని గొణుక్కున్నాడు.

రూలు మాత్రం రూలే. ఆ సాయంత్రమే జమేదారు సారక్క చేతిలోంచి చీపురు తీసుకున్నాడు. తీసుకుంటూ తల ఎత్తలేదు.

కూల్చే పని ఆనాటి నుంచి పదో రోజుకు వాయిదా పడింది. సొరంగంలోకి మూడు రోజులు నీళ్లు పట్టించి పొడిని తడిపారు. మేడ వైపు దారి ఇసుకబస్తాలతో మూసేశారు. మైదానం చుట్టూ తాడు కట్టి ఎవర్నీ అడుగు పెట్టనివ్వలేదు. జనం కూర్చునే చోటు వాగు అవతల గుట్ట మీదికి మార్చారు.

మరి పల్లె ఏం చేసింది? ఓదెమ్మకు దండం పెట్టిందనుకుంటున్నారా? లేదు. "ఇన్నొద్దులు మమ్ముల నీతులు చెప్పి తరిమింది గిదేనా?" అన్నారు. ఆమె పోతుంటే తలుపులు వేసుకున్నారు. అమ్మవారి పేరుతో నాటకమాడిందని తిట్టారు. ఇంట్లో సారక్క ఒక్క మాట మాట్లాడలేదు. కంచంలో ఇంత వేసి ముందుకు తోసి పోయేది. తోడికోడళ్ల పోరు పడొచ్చు గానీ, ఒకే ఇంట్లో ఆ మౌనం పడలేం. ఓదెమ్మ పది రోజులు దాన్ని పడింది.

పదో రోజు పొద్దున్న పల్లెంతా గుట్ట మీద కూర్చుంది. ఓదెమ్మ ఒక్కతే ఓ పక్కన కూర్చుంది. సైరన్ మూడుసార్లు మోగింది. మందు పేలింది. బొగ్గుమేడ అలిసిన ఎద్దులాగా మోకాళ్ల మీద వంగి, పక్కకు ఒరిగి, నేలకూలింది. గుట్ట అదిరింది. దుమ్ము లేచి మేడ ఉన్న చోటు కనపడకుండా పోయింది. ఒక్క రాయి ఇటు రాలేదు. జనం చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు.

ఆ చప్పట్లు ఇంకా ఆగలేదు. మైదానం మీద ఒక గీత పడింది.

మేడ వైపునుంచి తుమ్మపొదల దాకా, ఎవరో నాగలి తోలినట్టు గీత. ఆ గీత వెడల్పైంది. షామియానా గుంజలు వంగాయి. అమ్మవారి రాయి కొంచెం ఊగి కనిపించకుండా పోయింది. నేల నేలంతా నోరు తెరిచి, మైదానం నడుమ భాగాన్ని గుంజలతో సహా మింగేసింది. లోపల్నుంచి నల్లని బురదనీళ్లు ఒక్కసారి పైకి చిమ్మి పడిపోయాయి.

గుట్ట మీద చప్పట్లు ఆగిపోయాయి. తల్లులు పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు. లాక్కుని, ఉన్నారా లేరా అని ఒళ్లంతా తడిమి చూసుకున్నారు. ఒక ముసలాయన చప్పట్లకు ఎత్తిన చేతులు దించడం మర్చిపోయాడు. ఇప్పుడు చెబుతుంటే నాకే ఒళ్లు జలదరిస్తోంది, కళ్లారా చూసినవాళ్ల సంగతి మీరే అనుకోండి.

అందరికంటే ముందు సారక్క లేచింది. చంకలో పిల్లతో వచ్చి అత్త ఎదుట నిలబడింది. పిల్లను తీసి ఓదెమ్మ ఒళ్లో పెట్టి, ఆమె పాదాల దగ్గర కూలబడి భోరుమంది.

ఓదెమ్మ మనవరాలి ముక్కు తుడిచింది. "ఊకో బిడ్డా. ఆకలైతాంది. ఇంటికి పోయి ఇంత బువ్వ వెట్టు" అంది.

పద్మనాభం ఎన్ని కాగితాలు రాసినా సారక్కకు ఆ పని తిరిగి రాలేదు. ఊరే ఆ ఇంటికి గింజలు పెట్టింది. మూడు వానాకాలాలు గడిచాక ఓదెమ్మ పోయింది. పాడె మోయడానికి మా భుజమంటే మా భుజమని కొట్టుకున్నారట, ఆమె మొహం మీద తలుపులు వేసినవాళ్లే.

పద్మనాభం ఇంకో ఊళ్లో ఇంకో బొగ్గుమేడ కూల్చడానికి వెళ్లాడు. అక్కడ నక్షా విప్పే ముందు జనాన్ని పోగుచేశాడు. ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేయించాడు. "ఇక్కడ దొంగతనం చేసినవాళ్లు ఎవరు? వాళ్ల మీద కేసు లేదు. వాళ్ల ఇంట్లో ఎవరి పనీ పోదు. ఇది ముందే రాయించి తెచ్చాను. వచ్చి ఈ కుర్చీలో కూర్చుని, మీకు తెలిసిన దారులు నాకు చెప్పండి" అన్నాడు. జనం బిత్తరపోయి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకాయన లేచి కుర్చీ వైపు నడిచాడు. ఎవరనుకున్నారు? ఆ ఊరి ఫ్యాక్టరీకి ముప్పయ్యేళ్లు కాపలా కాసిన జమేదారు!

అప్పట్నుంచి ఆ గోదారి పొడుగునా ఏ పాత మేడ కూల్చినా ముందు ఆ కుర్చీ వేస్తారు. ఓదెమ్మ కుర్చీ అంటారు దాన్ని. నక్షా ఎంత చక్కగా ఉన్నా, మందు స్తంభాల్లో పెట్టేసి ఉన్నా, పెద్ద ఆఫీసరు వచ్చి నిలబడ్డా, ఆ కుర్చీ ఖాళీగా ఉంటే సైరన్ మోగించరు. ఎవరో ఒకరు లేచి వచ్చేదాకా అందరూ అలా కూర్చునే ఉంటారు.