రేవులో పిలవని పేరు

అనగనగా, వంతెన అనే మాట ఇంకా ఎవరి నోటా పుట్టని రోజుల్లో, ఏరు సముద్రంలో కలిసే చోట ఒక రేవు ఉండేది. ఏటికి ఇవతల మన తెలుగువాళ్లు. అవతల వేరే రాజు, వేరే దేవుళ్లు, వేరే మాట. రెండు ఒడ్డులకూ కలిపి ఒక్కటే పడవ. ఆ పడవ నడిపేవాడు అప్పన్న.

ఇవతలి ఒడ్డు దగ్గర నీళ్ల లోతు బాగా తక్కువ. అందుకని పడవ ఒడ్డుదాకా రాదు, ఒక ఇసుక దిబ్బ దగ్గర ఆగిపోతుంది. అక్కడ జనాన్ని దించగానే అప్పన్న తమ్ముడు పడవను మళ్లీ అవతలికి తిప్పుకుపోతాడు. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య మోకాలి లోతు పాయ. దాన్ని నడిచి దాటాలి. అదెంత పని అనుకుంటున్నారేమో! పదిమంది ఒక్కసారిగా దిగితే కాలికింద ఇసుక కదిలి మనిషిని నడుముదాకా లాగేస్తుంది. చలికాలం పొద్దున మంచు పడితే పక్కన మడుగెక్కడుందో కనబడదు. పైగా పొద్దెక్కేసరికి సముద్రం పోటెత్తి దిబ్బే మునిగిపోతుంది.

అందుకే ఆ రేవుకొక కట్టుబాటు ఉండేది. అప్పన్న ముందుగా పాయ దాటి, ఒడ్డున పాతిన రాట దగ్గర నిలబడతాడు. ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తాడు. పిలుపు విన్నవాళ్లు ఆ గొంతు వైపు తిన్నగా నడిచి వస్తారు. తన పేరు వినబడేదాకా దిబ్బ మీంచి ఎవరూ కాలు కదపకూడదు. రాజుగారు వచ్చినా సరే, ఇదే పద్ధతి.

ఇరవై ఏళ్లలో ఆ రేవులో ఒక్క ప్రాణం పోలేదు. ఆ సంగతి అప్పన్న ఊరికే ఉంచుకునేవాడా? వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పేవాడు. మొత్తం ఎంతమంది దిగారో లెక్క చూసుకోవయ్యా అని ఎవరైనా అంటే నవ్వేసేవాడు. తలలు లెక్కపెట్టుకునేది మేకలవాళ్లు, నాకు ప్రతి మనిషి పేరూ నోటికి వచ్చు అనేవాడు.

నిజంగానే వచ్చు. నూనె గానుగ వారి ముసలమ్మ పేరు వెంకటసుబ్బలక్ష్మమ్మ. ఎనిమిది అక్షరాలు. ఒక్కటి కూడా మింగకుండా, రాగం తీసి మరీ పిలిచేవాడు. ఆవిడ మురిసిపోయి పాయ దాటేది.

కానీ అవతలి ఒడ్డు వాళ్ల పేర్లంటే మాత్రం అతనికి నోరు తిరిగేది కాదు. తిరగదని కాదు, తిప్పే ఓపిక లేదు. గాజులు అమ్ముకునేవాణ్ణి ‘గాజులాయనా’ అన్నాడు. పొడుగాటి నావికుణ్ణి ‘తాటిచెట్టూ’ అన్నాడు. వాళ్లూ పోనీలే అని పలికేవారు. పొట్ట చేతబట్టుకుని పరాయి ఊరు వచ్చినవాళ్లు, ఏమంటారు?

ఒక ఏడాది వెదురుబుట్టలు తలకెత్తుకుని ఒక పడుచుపిల్ల వచ్చింది. పేరేమిటని అప్పన్న సైగచేసి అడిగితే, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పింది, “సెరాంబొలూయి.”

పడవలో వాళ్లు గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు అప్పన్నే. అంత పేరూ పిలిచేసరికి పోటొచ్చి దిబ్బ మునిగిపోతుందని, ఇవాళ్టినుంచి నువ్వు బుట్టమ్మవని తేల్చేశాడు. ఆ పిల్లకు మాట తెలియకపోయినా అందరితోపాటు తనూ నవ్వింది. ‘బుట్టమ్మా’ అని చెయ్యి ఊపి పిలిస్తే వచ్చింది కూడా. ఒడ్డెక్కాక మాత్రం అతని ఎదుట నిలబడి, చిన్నపిల్లాడికి నేర్పినట్టు, తన పేరు మెల్లగా మళ్లీ చెప్పింది. అప్పటికే అతను తలపాగా విప్పుకుంటూ అటు తిరిగిపోయాడు.

మరుసటి ఏడాది వచ్చినప్పుడు ఆమెకు కొంచెం తెలుగు పట్టుబడింది. తన పేరుకు ఒక అర్థం ఉందని, చెబుతానని, అది మంచి అర్థమని వచ్చిన నాలుగు మాటలూ కూడబలుక్కుని చెప్పింది. తర్వాత వింటానులే అన్నాడు అప్పన్న. ఆమె ఆ ‘తర్వాత’ను నమ్మింది. అందరూ వెళ్లిపోయేదాకా రాట దగ్గరే నిలబడింది. అతనికి ఆకలి వేస్తోంది, ఇంటి దగ్గర వేడి అంబలి ఉంది. చేత్తో సంత దారి చూపించి వెళ్లిపోయాడు.

ఆ మాట వినడానికి ఎంతసేపు పట్టేదర్రా? అంబలి చల్లారేంత సేపు కూడా పట్టేది కాదు.

మూడో ఏడాది ఆమె పడవెక్కుతూనే అతనివైపు తిరిగి చేతులు జోడించింది. ఒక్కొక్క అక్షరమే పట్టి పట్టి పలికింది.

“సింహాద్రి అప్పలస్వామిగారూ.”

అప్పన్న చేతిలో గెడ ఆగిపోయింది. అది అతని అమ్మ పెట్టిన పేరు. అమ్మ పోయాక ఆ పేరంతా కలిపి పిలిచినవాళ్లు లేరు. పోయినసారి సంతలో ఎవరినో అడిగి తెలుసుకుని, ఏడాది పొడవునా తన ఊళ్లో బుట్టలల్లుకుంటూ ఆ పిల్ల ఆ పేరే సాధన చేసిందట. ఆమెకు పడవలో తడవని చోటు చూసి కూర్చోబెట్టాడు. నీ పేరు మళ్లీ ఒకసారి చెప్పమ్మా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఇంతలో ఎవరో మూటలు అడ్డంగా పెట్టారని గొడవ లేచింది, అడగాలన్న సంగతి ఆ గొడవలో కొట్టుకుపోయింది.

ఆ రోజు దట్టంగా మంచు. ఆ రోజే ఆమె ఊరి నుంచి ఇంకొక పెద్దావిడ కూడా బుట్టలతో మొదటిసారి వచ్చింది. ఆవిడ పేరు అప్పన్న అడగనే లేదు. నువ్వూ బుట్టమ్మవే అన్నాడు.

పడవ జనాన్ని దించి వెనక్కి తిరిగింది. అప్పన్న పాయ దాటి రాట దగ్గర నిలబడి పిలుపు మొదలుపెట్టాడు. గాలి ఒడ్డు నుంచి ఏటి మీదికి వీస్తోంది. ఇతని కేక అటు వినబడుతుంది గాని, అటువాళ్ల కేక ఇటు రాదు. మూడో పిలుపుగా ‘బుట్టమ్మా’ అని పిలిచాడు.

దిబ్బ మీద ఇద్దరు బుట్టమ్మలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడ చలికి వణికిపోతోంది. ముందు నువ్వు వెళ్లమని చిన్నామె ఆవిడ భుజం తట్టి పంపింది. మళ్లీ తననూ పిలుస్తారు కదా అని ఆమె ధైర్యం. మంచులోంచి బుట్ట ఒకటి ఒడ్డెక్కడం అప్పన్న చూశాడు. బుట్టమ్మ వచ్చేసింది, ఆ పేరు అయిపోయింది. పెద్దావిడ సంతలో చోటు దొరకదేమోనని గబగబా వెళ్లిపోయింది.

అందరికంటే ఆఖర్న వచ్చింది వెంకటసుబ్బలక్ష్మమ్మ. వస్తూనే రొప్పుతూ చెప్పింది.

“అప్పన్నా, ఆ బుట్టలమ్మాయి ఇంకా దిబ్బ మీదే ఉందయ్యా. నాతో రా అంటే రాలేదు. నా పేరు పిలవలేదు కదా అంటోంది.”

“మూడో పిలుపే బుట్టమ్మదండీ. నా కళ్లముందే ఒడ్డెక్కింది.”

ముసలమ్మ ఇంకా ఏదో అనబోతే అప్పన్నకు రోషం వచ్చింది. ఇరవై ఏళ్లలో నా పిలుపు ఎప్పుడైనా తప్పిందా, మంచులో మీకలా అనిపించి ఉంటుంది అన్నాడు. అంత గట్టిగా అనేసరికి ఆవిడకే అనుమానం వచ్చింది. వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయింది. అప్పన్న ఇంటికి పోయి అంబలి తాగాడు.

పొద్దెక్కాక మంచు విడింది. పెద్దావిడ సంతంతా వెతికి వెతికి రేవుకు పరుగెత్తుకొచ్చి, చిన్నామె ఏదని చేతులు తిప్పుతూ అడిగింది. అప్పన్న ఏటివైపు చూశాడు. దిబ్బ లేదు. అంతా నీళ్లే.

గుండె లోతు నీళ్లలోకి దూకాడు. అరవబోయాడు. ఏమని అరవాలి? అప్పుడైనా పేరు పెట్టి పిలుద్దామంటే ఆ పేరు అతని దగ్గర లేదు. ఇరవై ఏళ్లుగా పిలుపే బతుకుగా ఉన్నవాడు బుట్టమ్మా, బుట్టమ్మా అని గొంతు పోయేదాకా ఏడుస్తూ తిరిగాడు. సాయంత్రానికి ఒక బుట్ట ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆమె రాలేదు.

మూడోనాడు ఆమె తల్లి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. రెండు భాషలూ తెలిసిన గాజులాయన పక్కన నిలబడి ఒక్కొక్క మాటే విప్పి చెప్పాడు. ఆ తల్లికి అంతకుముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారట. మూడో బిడ్డ కూడా ఊపిరి తీయకుండా పడి ఉంటే, అమ్మమ్మ చెవిలో ఒక పేరు పెట్టి పిలిచిందట. బిడ్డ కెవ్వుమందట. ఆ పేరే ఉంచారు. సెరాంబొలూయి అంటే వాళ్ల భాషలో ‘పిలిస్తే తిరిగొచ్చేది’ అని అర్థం.

తల్లి అప్పన్న కళ్లలోకి చూసి ఒక్కటే అడిగింది. గాజులాయన తలదించుకుని తెలుగులో చెప్పాడు.

“నా కూతుర్ని పిలిచావా?”

పిలిచాను, ఆమే రాలేదు అని ఒక్క మాట అంటే చాలు, కాదనేవాళ్లు లేరు. ఊళ్లో వాళ్లు కూడా అలాగే చెప్పమన్నారు. అప్పన్న ఆ తల్లి పాదాల దగ్గర కూలబడ్డాడు.

“పిలవలేదు తల్లీ. ఆ పేరు నేను నేర్చుకోలేదు.”

ఆమె తిట్టలేదు, శాపం పెట్టలేదు. ఇప్పుడు పిలవమంది. అతను మొదటిసారి తడబడ్డాడు. రెండోసారి సగం మింగాడు. ఆమె ఓపికగా పెదాలు కదిపి చూపించింది. మూడోసారికి సరిగ్గా వచ్చింది. సెరాంబొలూయి. అయిదంటే అయిదు అక్షరాలు. తాంబూలం నమిలినంత సేపు కూడా పట్టలేదు.

తల్లి తల ఊపింది. ఇలా పిలిచి ఉంటే వచ్చేదని చెప్పి, కూతురి బుట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆ రేవులో కొత్త కట్టుబాటు వచ్చింది. ఎక్కేవాళ్ల పేరు అప్పన్న తప్పులేకుండా తిరిగి చెప్పేదాకా పడవ కదలదు. గాజులాయన అసలు పేరు నేర్చుకున్నాడు, తాటిచెట్టు అసలు పేరు నేర్చుకున్నాడు, వాటి అర్థాలూ అడిగి విన్నాడు. ముసలితనం వచ్చేదాకా అతని రేవులో మళ్లీ ఎవరూ పోలేదు. అయినా ఆ మాట ఇక ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు.

మంచు పడిన పొద్దుల్లో అందరూ ఒడ్డెక్కాక కూడా అప్పన్న రాట దగ్గర ఉండిపోయేవాడు. ఖాళీ దిబ్బవైపు తిరిగి ఒక పేరు పిలిచేవాడు. ఎంతో చక్కగా, ఒక్క అక్షరం పోకుండా పిలిచేవాడు. పోటొచ్చి దిబ్బ మునిగేదాకా చూసి ఇంటికి పోయేవాడు.

కంచికి పోతూ పోతూ ఈ కథ మనకు చెప్పిపోయిన నీతి ఇది: మనిషిని మన నోటికి వీలైన పేరుతో కాదు, ఆ మనిషి తనదని చెప్పుకున్న పేరుతోనే, ఆ పిలుపుకు పలికేవాళ్లు ఉండగానే పిలవాలి.