అసిరమ్మ పుస్తకంలో చీపురుపుల్లలు

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పలేదు. నాకు మా మేనత్త చెప్పింది. చెప్పినప్పుడల్లా నవ్వాపుకోలేక తనే మధ్యలో పమిటచెంగు నోట్లో కుక్కుకునేది. మనం ఇంత దూరం వచ్చేశాం, ఇక్కడ మీకు మేనత్తలు లేరు, కాబట్టి ఆ పని నామీద పడింది. విన్నది విన్నట్టు చెప్తాను. ఎక్కడైనా మర్చిపోతే మర్చిపోయానని ఒప్పుకుంటాను గానీ సొంతంగా ఏదీ అతికించను. రండి, కాళ్ళమీద దుప్పటి కప్పుకోండి.

జిల్లేడువలసలో ముగ్గురన్నదమ్ములు ఉండేవారు. పెద్దాయన గంగయ్య, నడిపాయన తవిటయ్య, చిన్నాయన పోలయ్య. ఊరు మొత్తానికి తెలివి ఉన్నది తమ ఇంట్లోనేనని వాళ్ళ నమ్మకం. అది ఆవిరైపోకుండా ముగ్గురూ తలకి తువ్వాళ్ళు బిగించి కట్టుకునేవారు, స్నానం చేసేటప్పుడు కూడా విప్పేవారు కాదు. ఆ తెలివిని వాటాలు కూడా వేసుకున్నారు. ఆలోచన గంగయ్యది. మూడో తరగతిదాకా వెళ్ళాడు కాబట్టి చదువు తవిటయ్యది. చూపు పోలయ్యది. గంగయ్య భార్య పారమ్మకి వాటా దక్కలేదు. ఆవిడ వంట చేసుకునేది.

వీళ్ళకో చెల్లెలు, అసిరమ్మ. ఎప్పుడూ బొమ్మలు గీస్తూ ఉండే పిల్ల. ఒక ఏడాది ఊళ్ళో జాతరకని వీధిగోడ నిండా నెమళ్ళు గీసి, తను నీళ్ళకెళ్ళి వస్తానని, రంగు ఆరేదాకా దాన్ని చూస్తూ ఉండమని అన్నలకి చెప్పి వెళ్ళింది. ముగ్గురూ గోడకెదురుగా కూచుని చూశారు. మేక వచ్చింది. చూశారు. మేక ఒక నెమలిని నాకింది. రుచిగా ఉన్నట్టుంది, రెండోదాన్నీ నాకింది. రెప్ప వెయ్యకుండా చూశారు. అసిరమ్మ బిందెతో తిరిగొచ్చేసరికి గోడమీద ఒక్క తోక మిగల్లేదు. తామెంత శ్రద్ధగా చూశారో గంగయ్య చెప్పబోయాడు. ఆ పిల్ల ఏడుస్తూ, "ఇక నా మొహం చూడకండి" అంది.

అంతే. ముగ్గురూ అక్కడికక్కడే వెనక్కి తిరిగారు. ఆ రోజు నుంచీ అసిరమ్మ ఎటుంటే అటు వీపులే. మూడోరోజు ఆ పిల్ల పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఒక్కరైనా ఇటు తిరుగుతారేమోనని చాలాసేపు ఆగింది. వాళ్ళు మాటమీద నిలబడే మనుషులు, తిరగలేదు. పారమ్మ అప్పుడు పుట్టింట్లో ఉంది. అసిరమ్మ రైలెక్కి పట్నంలో పిన్ని దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడే కొట్లకి బోర్డులు రాసుకుంటూ ఉండిపోయింది. ఇక్కడ అన్నలు బెంగతో సగమయ్యారు. వెళ్ళి చూద్దామంటే చూడొద్దందాయె.

పన్నెండేళ్ళ తర్వాత ఒక సోమవారం పోస్టులో ఒక కట్ట వచ్చింది. విప్పితే దళసరి కాగితాలతో చేత్తో కుట్టిన పుస్తకం. పేజీని గడులుగా గీసి, గడికో బొమ్మ వేసి, అసిరమ్మ తన బతుకంతా అందులో చెప్పుకుంది. పైన ఒక ఉత్తరం. తవిటయ్య కూడబలుక్కుని చదివాడు.

"అన్నయ్యలకీ వదినకీ. నోటితో చెప్పలేక గీశాను. తొందరపడకుండా గడి గడీ చూడండి. మాటల్నే కాదు, బొమ్మల్నీ చదవండి. ఒక గడికీ ఇంకో గడికీ మధ్య నేను ఎలా దాటి వచ్చానో కాస్త ఆలోచించండి. అర్థమైతే కబురు పంపండి, ఈ నెల ఆఖరి ఆదివారం పొద్దుటి రైలుకి వస్తాను. కబురు రాకపోతే నేనూ రాను, ఇక ఉత్తరమూ రాయను."

ఇంకేముంది, ముగ్గురికీ చెమటలు పట్టాయి. పుస్తకం తెరిస్తే ప్రతి గడిలోనూ అసిరమ్మే. ఆ మొహం చూడకూడదు, పుస్తకం చూడాలి. గంగయ్య తువ్వాలు బిగించుకుని ఆలోచించాడు. చూడొద్దన్నది తమ ముగ్గుర్నే గాని పారమ్మని కాదు. అన్నదమ్ములు గోడవైపు తిరిగి కూచున్నారు. పారమ్మ అన్నం మెతుకులతో చిన్నచిన్న కాగితం ముక్కలు ప్రతి మొహంమీదా అతికించింది. ఒక పేజీలో పేజీ నిండా ఒక్క కన్నే ఉందని, కన్నీళ్ళు పెట్టుకుని ఉందని చెప్పింది. కన్ను కూడా మొహంలోదేనని గంగయ్య తీర్పు చెప్పాడు. దానికి పాత క్యాలెండరు కాగితం పట్టింది. అన్నీ కలిపి నూట పద్ధెనిమిది ముక్కలు అతికాయి.

అప్పుడు చదువు మొదలుపెట్టారు. పోలయ్య చూపు సారించి, చెల్లి నోట్లోంచి తెల్లగా ఏదో ఉబ్బి వస్తోందని, దూది మింగిందేమోనని బెంగపడ్డాడు. ఆ దూదిలో అక్షరాలున్నాయని తవిటయ్య కనిపెట్టాడు. పట్నంలో మాటలు గాలికి పోకుండా అలా పక్కన నిలబడతాయి కాబోలు అనుకున్నారు. తమవి నిలబడతాయేమోనని ఒకరి నోటి దగ్గర ఒకరు కాపు కాశారు. ఏమీ రాలేదు. ఊరివాళ్ళ మాటకి బలం లేదని, చెల్లి ముందు పరువు పోతుందని గంగయ్య దిగులుపడి, ఇంట్లో ఉన్న చేటలన్నిటికీ సున్నం పూయించాడు. ఆ రోజు నుంచీ ఎవరేం చెప్పాలన్నా చేటమీద బొగ్గుతో రాసి నోటి పక్కన పెట్టుకోవాలి. రాయడం వచ్చింది తవిటయ్యకొక్కడికే. మర్నాడు గంగయ్యని తేలు కుట్టింది. చిన్న తేలే, మీరు భయపడకండి. తేలు కుట్టిందని రాసిపెట్టమని తవిటయ్యని అడగాలంటే, ఆ అడిగేది కూడా చేటమీద రాసి ఉండాలి. గంగయ్య ఒంటికాలిమీద గెంతుతుంటే, అన్నయ్యకి పుస్తకం బాగా నచ్చిందని తమ్ముళ్ళు సంతోషించారు.

తర్వాత గడుల మధ్య ఖాళీలు వచ్చాయి. ఒక గడిలో అసిరమ్మ నూతి దగ్గరుంది. పక్క గడిలో గుమ్మంలో ఉంది. రెంటికీ మధ్య సన్నగా తెల్లటి చార. అది కాలవ అని పోలయ్య తేల్చాడు. ఎలా దాటి వచ్చానో ఆలోచించండని చెల్లి ఉత్తరంలో రాసింది ఇందుకేనని తవిటయ్యకి తట్టింది. పేజీకి ఎన్ని కాలవలు, పాపం ఒక్కదానికీ వంతెన లేదు. పిల్ల చెప్పులు కూడా లేకుండా అన్నీ గెంతుకుంటూ వచ్చింది. ముగ్గురూ కళ్ళు తుడుచుకుని, చీపురు విప్పి, పుల్లలు విరిచి, ప్రతి రెండు గడుల మధ్యా ఒక్కో పుల్ల అడ్డంగా అతికించారు. ఇక కాలు తడవదు. పారమ్మ ఇల్లు ఊడ్వడానికి చీపురు మిగల్లేదు.

అలా అతికించుకుంటూ ఒక పేజీ దగ్గర ఆగిపోయారు. ఆ పేజీ మొత్తానికి ఒక్కటే గడి. గీతలు మిగతా పేజీల్లోలా సన్నగా లేవు, లావుగా, నల్లగా, కాగితం చిరిగేంత ఒత్తి గీసి ఉన్నాయి. ఎవరి నోటి దగ్గరా దూది లేదు. ఒక మూల కందిగింజంత అసిరమ్మ, చేతిలో పెట్టె. ఆమెకెదురుగా గోడల్లాగా మూడు వీపులు.

ముగ్గురికీ మండిపోయింది, చేటల సంగతే మర్చిపోయారు. ఆడపిల్ల పెట్టె పట్టుకుని నిలబడితే వీపు తిప్పే మనుషులు కూడా ఉంటారా అని తిట్టారు. పట్నం మనుషులే అయి ఉంటారని, కనిపిస్తే కాళ్ళు విరగ్గొడతానని గంగయ్య లేచాడు. పారమ్మ మాత్రం బొమ్మమీదికి వంగి మధ్యనున్న వీపుని వేలితో తడిమింది. చొక్కామీద ఒక మాసిక గీసి ఉంది, నీలం గుడ్డకి ఎర్రదారంతో. పుస్తకం మొత్తంలో రంగు వేసింది ఆ కాస్త చోటే.

"ఆ మాసిక నేను వేసిందే," అంది. "ఇది తవిటయ్య చొక్కా."

తవిటయ్య తన వీపు చూసుకుందామని గిరగిరా తిరిగాడు. అందలేదు. వాళ్ళు తమ వీపులు ఎన్నడూ చూసుకోలేదు, ఎలా గుర్తుపడతారు? పోలయ్య అన్నల వెనక్కి వెళ్ళి ఒకసారి వాళ్ళని, ఒకసారి బొమ్మని చూసి వచ్చి చతికిలబడ్డాడు. 

చివరికి గంగయ్యే అన్నాడు. "మాట వింటే సంతోషిస్తుందనుకున్నాను. ఈ బొమ్మలో చూస్తే అది ఇంత చిన్నదైపోయింది."

అర్థమైందని కబురు పంపాలి. చెల్లి గీసి చెప్పింది కాబట్టి తామూ గీసే చెప్పాలని పట్టుబట్టారు. ముగ్గురికీ సున్నా చుట్టడం కూడా రాదు. గంగయ్య ఆలోచించి, వంటింట్లో బాణలి మసి తీసి మొహానికి పూసుకుని, కాగితంమీద బోర్లా పడి గట్టిగా అద్దాడు. లేచేసరికి ముక్కు, నుదురు, మీసం పడ్డాయి. తమ్ముళ్ళూ అలాగే అద్దారు. వీపులు కాదు, మొహాలు. ఆ మూడు కాగితాలూ పోస్టు చేశారు.

నాలుగు రోజులకి కార్డు వచ్చింది. "వస్తున్నాను" అని ఒక్క మాట.

అంతే, ఇంట్లో కాలు నిలవలేదు. చెల్లి వస్తోంది సరే, ఎంతమంది? పుస్తకంలో అతికించింది నూట పద్ధెనిమిది ముక్కలు కాబట్టి నూట పద్ధెనిమిది మంది అసిరమ్మలు. అందరూ ఒక సైజు కాదు. కందిగింజంత ఆవిడకి చింతాకులో వడ్డించాలి, జానెడు వాళ్ళకి తమలపాకుల్లో. కోడిగుడ్డంత ఉన్నవాళ్ళకి పులిహోర గొంతులో అడ్డం పడుతుందేమోనని పారమ్మ మెతుకులు చిదిమింది. ఇక ఆ కన్ను ఆవిడ సంగతి. పేజీకి పట్టినది ఒక్క కన్నే అయితే మనిషి ఎంత ఉంటుంది? ముగ్గురూ వేళ్ళతో, మూరలతో కొలిచి చూశారు. వీధిగుమ్మంలో పట్టదు. ఇంకేముంది, గునపాలు తెచ్చి గుమ్మాన్ని, దానికి రెండువైపులా గోడని పడగొట్టారు. ఆవిడ లోపలికి రాగానే మళ్ళీ గోడ పెట్టాలిగా, అందుకని వాకిట్లో పెద్ద గొయ్యి తవ్వి, నీళ్ళు పోసి, మట్టి కలిపి ఉంచారు. మీరు మాత్రం గోడల జోలికి వెళ్ళకండి. మనది అద్దె ఇల్లు.

ఆదివారం పొద్దున్న రైలాగింది. అసిరమ్మ పెట్టెతో దిగింది. ప్లాట్‌ఫారం మీద మూడు వీపులు. ఆవిడ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మళ్ళీ అదే బొమ్మ అనుకుని, దిగిన రైలే ఎక్కేద్దామని పెట్టె ఎత్తింది కూడా. అప్పుడు కనిపించింది. ఒక్కో వీపుకీ ఒక్కో చేట కట్టి ఉంది. సున్నం పూసిన ఆ చేటలమీద మసితో అద్దిన మూడు మొహాలున్నాయి, ముక్కులు చప్పిడిగా, మీసాలు చెదిరి. చెల్లి మొహం తాము చూడకూడదు గాని, తమ మొహాలు చెల్లి చూడొచ్చుగా, అందుకని.

అసిరమ్మ పెట్టెమీద కూలబడి, రైలు వెళ్ళిపోయేదాకా నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. "అన్నయ్యలూ, ఇటు తిరగండి. ఇక నా మొహం చూడండి, ఇంటికెళ్ళేదాకా చూస్తూనే ఉండండి" అంది.

ముగ్గురూ తిరిగారు. పన్నెండేళ్ళకి చూశారు. ముందుగా పోలయ్య మిగతా నూట పదిహేడు మంది ఏరని అడిగాడు. అందరూ తనలోనే ఉన్నారని చెల్లి చెప్పింది. అయితే బరువుగా ఉంటుందని పెట్టె వాళ్ళందుకున్నారు.

ఇక నడక. మొహం చూస్తూనే ఉండాలి కాబట్టి ముగ్గురూ చెల్లికి ఎదురుగా, వెనక్కి వెనక్కి నడిచారు. ఊరంతా అరుగులెక్కి చూసింది. కంచె గుచ్చుకున్నా, గేదెకి తగిలినా చూపు తిప్పలేదు. వాకిట్లోకి వచ్చారు. వెనక గొయ్యి ఉందని అసిరమ్మ చెప్పేలోపే ముగ్గురూ వరసగా అందులో పడ్డారు. పీకలదాకా బురద. పెట్టె మాత్రం తలమీదే ఉంది. చూపులు చెల్లి మొహంమీదే ఉన్నాయి.

ఆవిడ పెట్టె అందుకుని, పడిపోయిన గోడ రాళ్ళమీద కూచుని పుస్తకం అడిగింది. పారమ్మ తెచ్చి ఇచ్చింది. తెరిస్తే ప్రతి మొహంమీదా కాగితం ముక్క, ప్రతి రెండు గడుల మధ్యా చీపురుపుల్ల. ఇవేమిటని అడిగింది. నీ కాలు తడవకుండా అన్నారు ముగ్గురూ గోతిలోంచి. అసిరమ్మ పేజీలు తిప్పుకుంటూ ఆఖరుదాకా వెళ్ళింది. ఆఖరి పేజీలో కావాలనే ఖాళీగా వదిలిన గడి ఒకటుంది. పెన్సిలు తీసి దాన్లో గొయ్యి గీసింది. గోతిలో మూడు తలలు, తువ్వాళ్ళతో సహా, మొహాలు ఇటువైపు. వాళ్ళకి చూపించి, ఇక బయటికి రండి, అన్నం తిందాం అంది.

వాళ్ళు కదల్లేదు.

"ఎలా వస్తాం? నువ్వు గోతిలో గీశావు కదా" అన్నాడు గంగయ్య.

నచ్చజెప్పింది. బతిమాలింది. పారమ్మ చేట చూపించి బెదిరించింది. పుస్తకంలో ఉన్నట్టు ఉండకపోతే చెల్లి గీసింది అబద్ధమైపోతుందని తవిటయ్య వాదించాడు. పులిహోర చల్లారిపోతోంది. ఇక చేసేది లేక అసిరమ్మ పక్కనే ఇంకో గడి గీసి, ముగ్గుర్నీ గట్టుమీద, విస్తరాకుల ముందు కూర్చోబెట్టింది. చూపించింది. ముగ్గురూ మెడలు చాచి చూసి తలలూపారు గాని, అప్పటికీ కదల్లేదు.

"చెల్లీ," అన్నాడు పోలయ్య, "పుల్ల వెయ్యలేదు."

అసిరమ్మ లేచి, ఊరంతా తిరిగి ఒక చీపురుపుల్ల అడిగి తెచ్చి, రెండు గడుల మధ్యా అడ్డంగా అతికించింది. అప్పుడు ఒకరి వెనక ఒకరు, జారిపోకుండా జాగ్రత్తగా, ముగ్గురూ గోతిలోంచి బయటికి వచ్చారు.

నాకు గుర్తున్నంతవరకు ఇదే. ఆ గోడ మళ్ళీ ఎప్పుడు కట్టారో మా మేనత్త చెప్పిందో లేదో మర్చిపోయాను. దీన్ని మీరు ఇంకొకరికి చెప్పండి. ఈ ఊళ్ళో మన మాటలు తెలిసిన పిల్ల ఒక్కతి దొరికినా సరే, కూర్చోబెట్టి చెప్పండి. మేకని మర్చిపోయినా ఫరవాలేదు, తేలుని మర్చిపోయినా ఫరవాలేదు. పుల్ల మాత్రం వెయ్యడం మర్చిపోకండి.