ఆరుద్రకు కబురు

ఓబులేశుకు మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. ఆశ్రమం వాకిట్లోకి వచ్చి ఆకాశం చూస్తాడు. మబ్బు తునకైనా ఉండదు. లోపలికి వెళ్తాడు, కూర్చోలేక మళ్ళీ వస్తాడు.

భయం ఊరికే పట్టుకోలేదు. మృగశిర కార్తె చివర్లో ఓ చిన్న వాన పడ్డాక, పక్క చేను సుంకులమ్మ వచ్చి అతణ్ణి అడిగింది.

"సామీ, ఆరుద్ర పురుగు ఇంకా నేల మీద కనపళ్ళేదు. చెనక్కాయలు విత్తేదా, ఆగేదా?"

తొలకరికి నేల బాగా తడిస్తేనే మట్టిలోంచి పైకొచ్చే ఆ ఎర్ర మఖమల్ పురుగు కోసం ఆమె వారం రోజులుగా గట్టంతా వెతుకుతోంది. పురుగుల పేర్ల పుట్టుక చెప్పడంలో ఓబులేశుది అందె వేసిన చెయ్యి. నవ్వేశాడు.

"కార్తెను బట్టి పురుగుకు పేరొచ్చింది గానీ, పురుగును బట్టి కార్తెకు రాలేదమ్మా! రేపే ఆరుద్ర. పురుగు అదే వస్తుంది. నువ్వు విత్తుకో."

చదువుకున్నవాడి మాట కదా, కాదనలేకపోయింది. ఇంట్లో ఉన్న విత్తనమంతా నేలలో వేసింది. ఆరుద్ర వచ్చి ఎనిమిది రోజులైంది. వాన లేదు. ఇంకో రెండు రోజులు ఎండ ఇలాగే కాస్తే మొలక మాడిపోతుంది. మళ్ళీ విత్తడానికి ఆమె దగ్గర గింజ లేదు.

చివరికి ఉండబట్టలేక గురువు కొండప్ప దగ్గర కూలబడి అంతా చెప్పాడు.

"నేను చెప్పిన పుట్టుక తప్పా స్వామీ?"

"తప్పేం లేదు. పద" అన్నాడు కొండప్ప.

చేలో సుంకులమ్మ కడవతో నీళ్ళు మోసి సాళ్ళలో పోస్తోంది. ముసలాయన గట్టు దిగి, ఓ సాలు పక్కన వంగి, నేలకు నోరు దగ్గరగా పెట్టి కేకేశాడు.

"ఓ ఆరుద్రా! కార్తె వచ్చేసింది, బయటికి రామ్మా!"

చెవి ఆనించి కాసేపు విన్నాడు. తర్వాత శిష్యుడి వైపు తిరిగాడు.

"నా గొంతు గుర్తుపట్టలేదేమో. నువ్వు పిలువు. దాని పేరు బాగా తెలిసినోడివి."

వేళాకోళం కాదు, నిజంగానే ఎదురుచూస్తున్నాడు. సుంకులమ్మ కూడా కడవతో నిలబడిపోయింది. ఓబులేశు మోకాళ్ళ మీద వంగాడు.

"ఆరుద్రా..."

కాలిన మట్టి వేడి ముఖానికి తగిలింది. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"ఆ పేరు మనం పెట్టుకునిందే గదా నాయనా" అన్నాడు కొండప్ప మెల్లగా. "దానికెవురన్నా చెప్పినారా?"

ఓబులేశు లేచాడు. సుంకులమ్మ చంకలోని కడవ అందుకుని బావి వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"ముందు ఏ సాలుకు పొయ్యాలో నువ్వే చెప్పమ్మా."